వెనక సీటు కింద పని

కారు ఫ్యూయల్ పంపు ఒక్కరోజులో చావదు. రణస్థలం దాటి హైవే మీద స్పీడందుకోబోతే పికప్ తగ్గినట్టు అనిపిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే రెండు జర్కులిచ్చి సర్దుకుంటుంది. ఎండలో ఆపి మళ్ళీ తీస్తే మొరాయిస్తుంది, చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. అలా కొన్నాళ్ళు నెట్టుకొచ్చాక ఓ పొద్దున్న సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది గానీ ఇంజను అందుకోదు. ఇక షెడ్డుకి లాగించుకుపోవాలి, లేదా మనమే చేసుకోవాలి.

మనమే చేసుకుందాం అనేవాళ్ళ కోసం ఈ అధ్యాయం. సొంత చేతులతో బండి బాగుచేసుకుంటే కలిగే తృప్తి ఎలాంటిదో నాకు తెలుసు. అందుకే ఎవరినీ వద్దనను. అయితే ఈ పనిలో పానా పట్టుకునే భాగం చిన్నది. సీటు తీసి, మూత విప్పి, పాత పంపు పైకి తీసి కొత్తది దించడానికి చేయి తిరిగినవాడికి గంట చాలు. మిగతాదంతా పెట్రోలు ఆవిరితో వ్యవహారం. ఆ సంగతి తేల్చుకున్నాకే పానా ముట్టుకోవాలి.

మన జిల్లాల్లో మెకానిక్ పని చాలామందికి లారీల దగ్గర అబ్బింది. సాలూరు పేరు చెబితే లారీలే గుర్తొస్తాయి. అక్కడి షెడ్లలో పని నేర్చి విజయనగరం, బొబ్బిలి, రాజాం, నరసన్నపేట దాకా వచ్చి స్థిరపడ్డవాళ్ళున్నారు. వాళ్ళ చేతి పని మీద నాకు ఎంతో గౌరవం. కానీ లారీ అంటే డీజిల్. డీజిల్‌తో బోల్టులు కడుగుతారు, చేతులు కడుక్కుంటారు, ఆ పక్కనే ఎవరో బీడీ ముట్టిస్తారు. చాలాసార్లు ఏమీ కాదు. ఎందుకంటే మన దేశంలో అమ్మే డీజిల్ కనీసం 35 డిగ్రీలకు చేరితే గానీ అంటుకునేంత ఆవిరి విడవకూడదని ప్రమాణం ఉంది. (మే నెల ఎండలో ఆ 35 కూడా దాటిపోతుంది, అది వేరే సంగతి.) పెట్రోలు అలా కాదు. సున్నాకి 40 డిగ్రీలు కింద కూడా అంటుకునే ఆవిరిని వదులుతూనే ఉంటుంది. అంటే మన ఊళ్ళో, ఏ కాలంలోనైనా, పొద్దున్నా రాత్రీ తేడా లేకుండా మూత తీసిన పెట్రోలు ట్యాంకు ప్రమాదంతోనే ఉంటుంది. డీజిల్ దగ్గర అలవాటైన ధైర్యాన్ని పెట్రోలు దగ్గరికి తీసుకురావడమే ఈ పనిలో అన్నిటికంటే పెద్ద ముప్పు.

ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేచి పోదు. నేల పట్టుకుని పాకుతుంది, గుమ్మం దిగుతుంది, కాలువలోకి జారుతుంది, పల్లంలో నిలుస్తుంది. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు కలిసినా చాలు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఆ నిప్పు పక్కనే ఉండనక్కర్లేదు. 1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో జరిగింది మన ప్రాంతంలో పెద్దవాళ్ళకి గుర్తే. అక్కడ కారింది వంటగ్యాసు. అదీ గాలి కంటే బరువైనదే. కారినచోటు నుంచి మబ్బులా పరుచుకుని, ఎక్కడో నిప్పు దొరికాక అంటుకుంది. అరవై మంది దాకా పోయారు. మన పోర్టికోలో జరిగేది అంత పెద్దది కాకపోవచ్చు. ఆవిరి నడిచే తీరు మాత్రం అదే.

కాబట్టి ముందు ఇంటి చుట్టూ ఒకసారి నడవండి. వంటింటి కిటికీ ఎటు తెరుచుకుంటుంది? గ్యాస్ గీజరు ఎక్కడుంది? తులసికోట దగ్గర దీపం, దేవుడి గదిలో అగరొత్తి, మంచం కింద దోమల చక్రం, బోరు మోటారు స్టార్టరు, వరండాలో ఫ్రిజ్, ఇన్వర్టరు: ఇవన్నీ నిప్పుతోనో, నిప్పురవ్వతోనో బతికేవే. మోటారు స్టార్టరు తనంతట తానే పడుతుంది, ఫ్రిజ్ తనంతట తానే ఆగుతుంది, మనల్ని అడగదు. పలాస, కాశీబుగ్గ వైపు ఇంటి పక్కనే జీడిగింజలు కాల్చే పొయ్యి ఉంటే ఆ ఇంట్లో ఈ పని పెట్టుకోవద్దు. అపార్టుమెంటు సెల్లార్లో అసలే వద్దు. అక్కడ ఆవిరికి బయటికి పోయే దారి ఉండదు. నాలుగు పక్కలా గాలి ఆడే ఆరుబయలు కావాలి. పొద్దున్న ఏడింటికి మొదలుపెడితే ఎండ ముదిరేలోపు అయిపోతుంది, లైటు అవసరమూ రాదు. వైరు కట్టిన బల్బు లైటు మాత్రం దగ్గరికి రానివ్వకండి. చెయ్యి జారి బల్బు పగిలితే లోపల ఎర్రగా కాలుతున్న తీగ నేరుగా ఆవిరిలో పడుతుంది.

ఎవరు చెయ్యకూడదో కూడా ఇక్కడే చెప్పాలి. డీజిల్ కారైతే వదిలేయండి. కామన్ రైల్ బండి ఇంజను దగ్గర పీడనం వెయ్యి బార్లు దాటుతుంది, సన్నని డీజిల్ ధార చర్మంలోకి సూదిలా దిగిపోతుంది. సీఎన్‌జీ కిట్టున్న బండి జోలికీ పోవద్దు. ఇక పెట్రోలు కార్లలోనే తేడా ఉంది. హ్యుందాయ్ ఐ10 లాంటి వాటిలో వెనక సీటు లేపితే కింద రేకు మూత కనిపిస్తుంది, దాని కిందే పంపు. ఇంట్లో చేసుకోదగింది ఇదే. కొన్ని బండ్లలో ఆ మూత ఉండదు, ట్యాంకు మొత్తం కిందికి దించాలి. పెట్రోలుతో బరువెక్కిన ట్యాంకుని జాకీ మీద, ఇటుకల మీద నమ్మకం పెట్టి దాని కింద పడుకుని దించడం ఇంటి పని కాదు. మీ కారు ఆ రకమైతే ఈ అధ్యాయాన్ని మెకానిక్ ఎలా చేస్తున్నాడో గమనించడానికి వాడుకోండి.

మరో పని, డబ్బు మిగిల్చేది. మీ కారు రీకాల్లో ఉందేమో చూడండి. 2020 జూలైలో మారుతి ఫ్యూయల్ పంపు లోపం ఉందని 1,34,885 వ్యాగనార్, బాలెనో కార్లను వెనక్కి పిలిచింది. 2024 మార్చిలో మళ్ళీ అదే కారణంతో పదహారు వేల కార్లను పిలిచింది. హోండా 2024 అక్టోబరులో 90,468 కార్లకు పంపు మారుస్తామని ప్రకటించింది. ఇలాంటివి ఉచితంగా మారుస్తారు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్ళకి ఆ కబురు చేరదు, ఎందుకంటే కంపెనీ దగ్గర ఉన్న ఫోన్ నంబరు పాత ఓనరుది. ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొడితే తెలిసిపోతుంది. వేలల్లో పెట్టి పంపు కొనేముందు ఆ రెండు నిమిషాలు ఖర్చుపెట్టండి.

ఇంతకీ పోయింది పంపేనా? తాళం ఆన్ చేసి, స్టార్ట్ చెయ్యకుండా, వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. పంపు బాగుంటే రెండు మూడు సెకన్లు సన్నగా గుయ్యిమని ఆగుతుంది. ఆ చప్పుడు లేకపోతే వెంటనే పంపు మీద నేరం మోపకండి. ముందు ఫ్యూజు చూడండి. తర్వాత రిలే. అదే నంబరున్న రిలే హారన్‌దో ఇంకోదో ఉంటే దాన్ని మార్చి పెట్టి చూడండి. అప్పటికీ పలక్కపోతే పంపు కప్లర్ ఊడదీసి, మల్టీమీటర్ పెట్టి, ఎవరినైనా తాళం తిప్పమనండి. ఆ రెండు మూడు సెకన్లు 12 వోల్టులు వస్తూ పంపు తిరగకపోతే పంపు పోయినట్టే. కరెంటే రాకపోతే లోపం ఇంకెక్కడో ఉంది. పరీక్షలన్నీ ట్యాంకు మూసి ఉండగానే ముగించాలి, ట్యాంకు తెరిచాక మీటరు అటువైపు రాకూడదు.

శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు ఉండే బండ్లకి ఉప్పుగాలి చేసే పని అందరికీ తెలిసిందే. బాడీకి బిగించిన ఎర్తు వైరు చివర తుప్పు పట్టి, పచ్చగా పొడి కట్టి, కరెంటు సగమే పోతుంది. పంపు నీరసంగా తిరుగుతుంది. గరుకు కాగితంతో ఆ చివర రుద్ది బిగిస్తే బతికిపోయే పంపుల్ని చెత్తలో పడేస్తున్నారు.

నీళ్ళ సంగతీ చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఇప్పుడు అన్ని బంకుల్లోకీ వచ్చింది. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. నీరు మోతాదు మించితే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. పంపు ఉండేదీ అడుగునే. కారు ఊళ్ళో వదిలి హైదరాబాదులోనో, గల్ఫులోనో పనిచేసుకుంటూ సంక్రాంతికి వచ్చి తాళం తిప్పేవాళ్ళకి, వంశధార, నాగావళి వరదల్లో బండి మునిగినవాళ్ళకి ఇది తరచూ ఎదురవుతుంది. అడుగున నీరుండగా కొత్త పంపు దించితే దానికీ అదే గతి.

సరే, పంపే పోయింది, మూత ఉన్న కారే, ఆరుబయలు దొరికింది. ఇప్పుడు సరంజామా. రెండు కిలోలకు తగ్గని డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, ముల్లు పచ్చరంగులో ఉన్నది. బకెట్టు ఇసక. నీళ్ళు పనికిరావు, మండే పెట్రోలు నీటి మీద తేలి ఇంకా దూరం పాకుతుంది. కళ్ళద్దాలు, పెట్రోలుకి తట్టుకునే రబ్బరు గ్లౌజులు. ఒంటి మీద నూలు బట్టలు. పాలిస్టరు చొక్కాతో సీటు మీద అటూ ఇటూ జరిగితే ఒంట్లో కరెంటు పోగవుతుంది, అందుకే ట్యాంకు ముట్టుకునే ముందు ప్రతిసారీ కారు బాడీ ఇనుముని ఒకసారి తాకండి. ఇంకో మనిషి కావాలి. ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకుని, బయట నిలబడి, మీ మీదే చూపు పెట్టే మనిషి. బావమరిదైనా, పక్కింటి మావయ్యయినా సరే, చుట్ట కాల్చే అలవాటుంటే ఆ పూటకి వద్దని మొహమాటం లేకుండా చెప్పండి. 101, 108 నంబర్లు ఆయనకి తెలిసుండాలి. మీ ఫోను ఇంట్లోనే ఉండాలి. వీడియో చూస్తూ చేసే పని కాదిది, చూడాలనుకుంటే ముందురోజు రాత్రి ఎన్నిసార్లయినా చూసుకోండి.

బండి రాత్రంతా ఆగి ఉండాలి. సైలెన్సరు, దాని ముందుండే కన్వర్టరు చల్లారడానికి మనం అనుకున్నదానికంటే ఎక్కువసేపు పడుతుంది. ట్యాంకులో పెట్రోలు పావు కంటే తక్కువుంటే మేలు. ఎక్కువుంటే తియ్యాలి, ఆ తియ్యడంలోనే మనవాళ్ళు చేసే తప్పొకటి ఉంది. పైపు దించి నోటితో పీల్చడం. ఒక్క గుక్క పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి ఆసుపత్రి పాలవుతాడు. అలా జరిగితే కక్కించకూడదు, కక్కుతుంటే మళ్ళీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నేరుగా ఆసుపత్రికే. చేతితో నొక్కే రబ్బరు సైఫన్ పంపు ఏ ఆటోమొబైల్ షాపులోనైనా దొరుకుతుంది. తీసిన పెట్రోలు కూల్‌డ్రింకు బాటిళ్ళలో కాదు, బిగుతు మూత ఉన్న ఇనప డబ్బాలో పొయ్యండి. 1934 నాటి పెట్రోలియం చట్టం కూడా లైసెన్సు లేనివాళ్ళకి 30 లీటర్లకు మించి పెట్రోలు ఉంచుకోవద్దంటుంది. ఉంచుకునే పాత్రల్లో గాజు, పింగాణీ, లోహం పేర్లే చెబుతుంది. ప్లాస్టిక్ అందులో లేదు.

తర్వాత పెట్రోలు లైన్లో పీడనం దించాలి. పంపు ఫ్యూజు తీసేసి సెల్ఫ్ కొట్టండి. ఇంజను కాసేపు ఆడి ఆగిపోవచ్చు, అసలు అందుకోకపోవచ్చు. ఏదైనా మరో రెండుసార్లు తిప్పి ఆపండి. ఇంత చేసినా లైన్లో మూడు బార్ల దాకా పీడనం మిగిలే ఉందనుకునే పని చెయ్యండి. పెట్రోలు మూత ఒకసారి వదులు చేసి ట్యాంకు గాలి వదలండి. ఇప్పుడు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, మళ్ళీ తగలకుండా గుడ్డ చుట్టి పక్కకి మడవండి. తాళంచెవి జేబులో కాదు, ఇంట్లో. నాలుగు తలుపులూ, డిక్కీ బార్లా తెరవండి.

సీటు తీశాక రేకు మూత చుట్టూ ఎన్నేళ్ళ ఎర్రమట్టి దుమ్మో పేరుకుని ఉంటుంది. మూత తీస్తే పంపు తల మీద కూడా అంతే. బ్రష్షు, తడిగుడ్డ పట్టి ఓపిగ్గా తుడవండి. ఆ దుమ్ము ట్యాంకులో పడితే కొత్త పంపు జల్లెడకి మొదటిరోజే పని పడుతుంది. కప్లర్ ఊడదీశాక, పంపు తల ఏ వైపు తిరిగి ఉందో సుద్దముక్కతో గీత గీసుకోండి. లోపలి ఫ్లోటు చెయ్యి ఆ గీతని బట్టే ఆడుతుంది, తేడా వస్తే పెట్రోలు ముల్లు అబద్ధం చెబుతుంది. ఇంజనుకి పెట్రోలు తీసుకెళ్ళే ట్యూబు తలని మందపాటి గుడ్డతో చుట్టి, రెండు పక్కలా ఉన్న ప్లాస్టిక్ నొక్కులు వేళ్ళతో నొక్కుతూ నెమ్మదిగా లాగండి. కటింగ్ ప్లేయర్ పెట్టి లాగితే ప్లాస్టిక్ విరుగుతుంది.

పంపుని పట్టి ఉంచే రింగు దగ్గరే సహనం తెగేది. ఏళ్ళ తరబడి కదలని రింగు. చాలామంది ఇక్కడ ఉలి, సుత్తి తీస్తారు. ఇనుము మీద ఇనుము పడితే నిప్పురవ్వ లేస్తుంది, అదీ తెరుచుకోబోయే ట్యాంకు నోటి దగ్గర. దానికి తగిన రెంచి షెడ్డులో అద్దెకడగండి, లేదంటే గట్టి చెక్కముక్క ఆనించి చెక్కతోనే తట్టండి. కదలకపోతే ఆ పూటకి ఆపేసి మెకానిక్‌ని ఇంటికి పిలవండి. అంతవరకు చేసిందేదీ వృథా కాదు, ఆయనకి సగం పని తగ్గినట్టే.

రింగు వచ్చాక ఒక్క క్షణం ఆగండి. పెట్రోల్లో మునిగి కరెంటు మోటారు తిరుగుతుంటే ఇన్నాళ్ళూ ఎందుకు అంటుకోలేదని చాలామంది అడుగుతారు. మూసిన ట్యాంకులో ఆవిరి చిక్కగా ఉంటుంది, మండడానికి చాలినంత గాలి ఉండదు. మోటారుని పెట్రోలే తడుపుతూ చల్లబరుస్తుంది. (రిజర్వు లైటు వెలుగుతుండగా రోజుల తరబడి నడిపేవాళ్ళ పంపులు తొందరగా కాలిపోయేది అందుకే.) ఇప్పుడు మీరు పైకి లేపిన మరుక్షణం గాలి లోపలికి పోతుంది, ఆవిరి బయటికి వస్తుంది. పని మొత్తంలో జాగ్రత్తగా ఉండాల్సిన నిమిషాలు ఇవే. పంపు గిన్నెలో పావు లీటరో ఎంతో పెట్రోలు మిగులుతుంది, అక్కడే ట్యాంకులోకి ఒంపి, ఫ్లోటు చెయ్యి వంగకుండా ఏటవాలుగా తీసి, సిద్ధంగా ఉంచిన రేకు పళ్ళెంలో పెట్టండి. ట్యాంకు నోటి మీద వెంటనే శుభ్రమైన నూలు గుడ్డ కప్పండి. తల తిరిగినట్టున్నా, వాసన ఘాటుగా కమ్మినా బయటికొచ్చి గాలి పీల్చుకోండి. పని ఎక్కడికీ పోదు.

ఇంజనుకి పెట్రోలు పంపే ఆ మోటారొక్కటే మార్చుకుంటే చవక. కానీ గిన్నె లోపల దాని వైర్లు అతకాల్సి వస్తుంది, అదే చిక్కు. విజయనగరంలో ఒక మేస్త్రి గారు అలా అతికిన పాత పంపొకటి నాకు చూపించారు. వైర్లు మెలిపెట్టి నల్లటేపు చుట్టారు. టేపు సగం ఊడి, జిగురు జావలా కారి, రాగి తీగ బయటపడి ఉంది. "పెట్రోల్లో ఈ టేపు నాలుగు నాళ్ళుంటే ఒగ్గీసి ఊడిపోద్ది బాబూ. ట్యాంకు ఖాళీ అయిన రోజున ఈ తీగ ఏటి సేస్తాదో నువ్వే సెప్పు" అన్నారు. ట్యాంకు తగ్గేకొద్దీ లోపల ఖాళీ పెరుగుతుంది, ఆ తీగలు పెట్రోలు పైకి తేలతాయి. చేయి తిరగనివాళ్ళు అసెంబ్లీ మొత్తం, కంపెనీ సరుకే కొనండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఎత్తు, కప్లర్ పిన్నులు, ట్యూబు మూతి సరిపోతున్నాయో చూసుకోండి. లోపలి ట్యూబు మార్చాల్సి వస్తే పెట్రోల్లో మునిగి ఉండేందుకు చేసిందే అడగండి, మామూలు ట్యూబు ఉబ్బి వదులవుతుంది.

దించేముందు ట్యాంకు అడుగు చూడండి. గోళీల్లా నీటి బొట్లు, గోధుమరంగు బురద కనిపిస్తే ముందు అది తీయించాలి. రబ్బరు ఓ-రింగు కొత్తదే వెయ్యండి. పాతది ఎంత బాగా కనిపించినా ఉబ్బి ఉంటుంది, మళ్ళీ గాడిలో కూర్చోదు. సిలికాన్, ఎంసీల్ పూయొద్దు, సిలికాన్‌ని పెట్రోలు తినేస్తుంది. గీతకి గీత కలిపి, రింగు సమంగా బిగించి, ట్యూబు టక్కుమనేదాకా నొక్కి, ఒకసారి వెనక్కి లాగి చూడండి.

సీటు అప్పుడే వెయ్యకండి. చిందిన పెట్రోలు తుడిచి, తలుపులు తెరిచే ఉంచి, వాసన పూర్తిగా పోయేదాకా అరగంటైనా ఆగండి. వాసన వస్తుండగా బ్యాటరీ వైరు తగిలిస్తే ఆ తగిలించడంలోనే నిప్పురవ్వ లేస్తుంది. తర్వాత ఫ్యూజు పెట్టి, కనీసం ఐదు లీటర్లు పోసి, బ్యాటరీ బిగించి, స్టార్ట్ చెయ్యకుండా తాళం నాలుగైదుసార్లు ఆన్, ఆఫ్ చెయ్యండి. పంపు పలికిందా? పంపు తల చుట్టూ తెల్లకాగితం ఆనించి చూడండి. తడి అంటితే వెంటనే ఆపి బ్యాటరీ తీసెయ్యండి. అంటకపోతే స్టార్ట్ చేసి పది నిమిషాలు ఆడించి, కాగితంతో మళ్ళీ చూసి, అప్పుడు రేకు మూత బిగించండి.

పెట్రోలు తడిసిన గుడ్డలు చెత్తబుట్టలో కుక్కొద్దు, పొయ్యిలో వెయ్యొద్దు. గోడ మీద విడివిడిగా ఆరేసి పూర్తిగా ఆరాక పారేయండి. మీ బట్టలు మార్చుకుని, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే వంటింట్లోకి అడుగుపెట్టండి. మర్నాడు పొద్దున్న తలుపు తీయగానే కారులో పెట్రోలు వాసన వస్తే తాళం తిప్పకుండా, లైటు వెయ్యకుండా తలుపులు తెరిచి పెట్టి మెకానిక్‌ని పిలవండి. వాసన లేకపోతే మొదటి వారం ఊళ్ళోనే తిప్పండి. ఒకసారి ఫుల్ ట్యాంకు కొట్టించి, సీటు లేపి మూత చుట్టూ మళ్ళీ చూశాక హైవే ఎక్కండి.